గేటు వంతు

డెబ్బైల మొదట్లో, పెళ్లయిన కొత్తలో, గవర్నర్‌పేటలో ఒక వాటా ఇంట్లో అద్దెకు దిగాం. ఒకే ఆవరణలో ఐదు కాపురాలు, ఒకటే గేటు. ఆ చుట్టుపక్కల దొంగతనాలు ఎక్కువయ్యాయని ఇంటి యజమాని అద్దె కాగితంలో ఒక షరతు రాయించాడు. వారానికొక వాటావాళ్లు వంతులవారీగా గేటు చూసుకోవాలి. ఆ వారంలో ఎవరిది ఏం పోయినా వంతువాళ్లే ఇచ్చుకోవాలి. పెరట్లో కూలిన ప్రహరీని తాను కట్టిస్తానని కూడా అందులోనే ఉంది. ఇల్లు దొరకడమే గగనంగా ఉన్న రోజులు. అందరం సంతకాలు పెట్టాం.

చివరి వాటాలో ఒక నర్సు ఒక్కతే ఉండేది. మంగళగిరి దగ్గర క్రైస్తవ కుటుంబం. డ్యూటీ నుంచి వస్తే మాట్లాడే ఓపిక కూడా ఉండేది కాదు. మా పక్క వాటాలో ఒక బాలింత, పసిపిల్ల, అత్తగారు ఉండేవాళ్లు.

నర్సు వంతు వారంలో, పట్టపగలే, మా పక్క వాటావాళ్లు పెరట్లో నీళ్లు కాచుకునే రాగి కాగు పోయింది. పొయ్యిలో నిప్పు ఇంకా ఆరలేదు. కూలిన గోడ దాకా నీళ్లు ఒలికిన చార ఉంది. దొంగ ఎటు నుంచి వచ్చాడో అందరికీ అర్థమైంది.

సాయంత్రం యజమాని వచ్చాడు. నర్సు గేటు తీసుకుని లోపలికి రాగానే, చెప్పులైనా విప్పనివ్వకుండా అత్తగారు పట్టుకుంది.

"వంతు నీదమ్మాయ్. కాగు నువ్వే ఇప్పించాలి."

"గేటుకి తాళం వేసే వెళ్లానండీ. వేసింది వేసినట్టే ఉంది."

"తాళం వేస్తే సరా? మనిషి ఉండొద్దూ?"

"డ్యూటీ మానేసి గేటు దగ్గర కూర్చోమంటారాండీ?"

మా ఆయన గోడ మాట ఎత్తారు. "అది కూడా కాగితంలో ఉంది కదండీ" అన్నారు యజమానితో.

"సిమెంటుకి పర్మిట్ రావొద్దాండీ? గోడ సంగతి వేరు, వంతు సంగతి వేరు."

"అసలు ఈ షరతే తీసేయండి" అన్నాను నేను. మిగతావాళ్లెవరూ కలిసిరాలేదు. రేపు తమ సామాను పోతే ఎవరిని అడగాలన్నది వాళ్ల బెంగ.

నర్సు లోపలికి వెళ్లి, తన కాగు రెండు చేతులా ఎత్తుకొచ్చింది. "పిల్లకి నీళ్లు కాచాలి కదండీ, ఉంచుకోండి. తప్పు చేసి మాత్రం ఇవ్వట్లేదు" అంది. అత్తగారు కాసేపు తటపటాయించి, తీసుకుంది. మర్నాడు చింతపండు పెట్టి తోమి పొయ్యి మీదికెక్కించింది.

నెల తిరక్కుండా నర్సు ఇల్లు ఖాళీ చేసింది. మంగళగిరిలో అక్క దగ్గర ఉండి రోజూ బస్సులో వస్తానంది. రిక్షాలో సామాను పెడుతుంటే బాలింత పిల్లను చంకనేసుకుని వచ్చింది.

"మా అత్తయ్యగారు నిద్రపోతున్నారండీ. మీ కాగు పట్టుకెళ్లిపోండి."

"వద్దమ్మా, మళ్లీ నీకే మాటలు పడతాయి." పిల్ల తల నిమిరి రిక్షా ఎక్కింది.

మేము ఇంకొన్నేళ్లు అక్కడే ఉన్నాం. వేరే ఇల్లు వెతుక్కునే ఓపిక లేక. నా వంతు వచ్చిన వారం బజారుకైనా కదలకుండా, వరండాలో బియ్యం ఏరుకుంటూ కూర్చునేదాన్ని. ఇటు గేటు, అటు పెరడు చూడలేక మెడ పట్టేసేది. చివరి వాటాలోకి కొత్తగా దిగినావిడ కాగితం చదివి, "ఇదెక్కడి షరతండీ?" అని నన్నడిగింది.

"సంతకం పెట్టకపోతే ఇల్లివ్వరండీ" అని చెప్పి, చేటలో బియ్యం చెరగడం మొదలుపెట్టాను.