వానలో చెరగని ముగ్గు

ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయే మనిషిని నేను. భయపడి కాదు, విసుగొచ్చి. బీఎస్సీ ఫిజిక్స్ చదివాను. హాస్టల్లో అందరూ మేడమీది బాత్రూం పేరెత్తితే వణికిపోయేవారు. నేను మాత్రం అక్కడ రద్దీ ఉండదని హాయిగా అక్కడే స్నానం చేసేదాన్ని. అలాంటి నేను ఇది రాయాలా వద్దా అని ఏడాది పైగా తటపటాయించాను.

నా భయాలు వేరే. మా పాపకి ఉబ్బసం. అప్పటికి దానికి నాలుగేళ్ళు. కాస్త తడిసిందంటే చాలు, ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. రాత్రిళ్ళు దాని ఊపిరి వింటూ కూర్చోవడం నాకు అలవాటైపోయింది. ఇప్పుడు కూడా అలా కూర్చునే ఇది రాస్తున్నాను.

మావారు రవి ఇక్కడ, ఈ చిన్న ద్వీప దేశంలో, సైన్స్ పార్క్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తారు. అప్పుడు కంప్యూటర్లలో తారీఖులు సరిదిద్దే వైటూకే పని నెత్తిమీద ఉంది, ఆదివారాలు కూడా ఆఫీసే. ఎన్నో వారాల తర్వాత ఒక ఆదివారం ఖాళీ దొరికితే, మెక్‌రిచీ రిజర్వాయర్ వెనకాల అడవిలో నడుద్దామన్నారు. ఇంటర్నెట్‌లో చూసి ఆఫీసులో ఒక కాగితం ప్రింట్ తీసుకొచ్చారు. సులువైన నడక, చిన్నపిల్లలతో కూడా వెళ్ళవచ్చు అని ఉంది అందులో. ఆ 'సులువైన' అన్న మాటే నాకు నిద్ర లేకుండా చేసింది.

గొడుగులు, పాపకి ఇంకో జత బట్టలు, దోమల మందు, ఇన్‌హేలర్, పులిహోర అన్నీ సర్దాను. చివర్లో చిన్న పొట్లం బియ్యప్పిండి కూడా పెట్టాను. రోజూ మా ఫ్లాట్ గుమ్మం ముందు ముగ్గేసే పిండే. దారి చీలిన ప్రతిచోటా ఒక చుక్క పెట్టుకుంటూ వెళ్తే, తిరిగి రావడం తేలికని నా ఆలోచన.

"అడవంతా ఊడ్చి కళ్ళాపి కూడా చల్లుతావా సుధా?" అని మావారు ఒకటే నవ్వు.

లిఫ్ట్ దగ్గర పక్క ఫ్లాట్ రాజమ్మ ఆంటీ కనిపించింది. వాళ్ళ నాన్న ఎప్పుడో సెంబవాంగ్ నేవీ బేస్‌లో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట, ఆవిడ పుట్టి పెరిగిందంతా ఇక్కడే. నా చేతిలో పొట్లం చూసి, "ఏం మా, జాలాన్ జాలాన్ పోతా పిండెందుకు? చీమలకి మకాన్ పెట్టేదానికా?" అంది. షికారుకి వెళ్తూ చీమలకి భోజనమా అని వేళాకోళం.

అడవి నేననుకున్నట్టు లేదు. ఎంత బాగుందో! రోడ్డు మీద బస్సుల చప్పుడు వినిపించేంత దూరంలోనే, తలెత్తి చూస్తే కొస కనబడని చెట్లు. ఎండ ముక్కలు ముక్కలుగా నేలకి దిగుతోంది. పాప నా చెయ్యి విడిపించుకుని పరిగెత్తింది. కాగితంలో చూపించిన దారి వదిలి మావారు ఒక అడ్డదారి పట్టారు. చీలిక వచ్చినప్పుడల్లా నేను వంగి, ఏదో ఒక వేరు మీద చుక్క పెట్టాను.

ఒక దుంగ మీద కూర్చుని పులిహోర తిన్నాం. డబ్బా మళ్ళీ కవర్లో పెడుతుంటే, ఇన్‌హేలర్ కూడా అందులోకే వెళ్ళింది. మరుక్షణం ఒక కోతి చెట్టు దిగి, ఆ కవర్ లాక్కుని పైకి పోయింది.

"అమ్మా, మంకీ టుక్ ఇట్ లా!" అని పాప, ఇక్కడివాళ్ళలా మాట చివర 'లా' తగిలించి, చప్పట్లు కొట్టింది.

అది చప్పట్లు కొడుతుండగానే చీకటి కమ్మింది. ఇక్కడి వాన చినుకులతో మొదలవదు, బిందెతో కుమ్మరించినట్టు పడుతుంది. గొడుగులు వంగిపోయాయి. ముగ్గురం నిలువునా తడిశాం, సంచిలోని పాప బట్టలతో సహా. వాన వెలిసేసరికి పాప ఛాతీలో పిల్లికూత వినిపించింది. మొబైల్‌కి సిగ్నల్ లేదు. మావారు పాపని భుజానికెత్తుకున్నారు. మేం చేయగలిగింది ఒక్కటే, వీలైనంత త్వరగా రోడ్డు చేరడం.

మొదటి చీలిక దగ్గర నా చుక్క లేదు. ఉండదు. వానలో బియ్యప్పిండి ఏమవుతుందో చెప్పడానికి ఫిజిక్స్ అక్కర్లేదు.

ఆ వేరు మీదే ఒక ముగ్గు ఉంది.

పెద్దదేం కాదు, అరచేతంత. జంటగీతల ముగ్గు. పిండిని మూడువేళ్ళ సందుల్లోంచి వదులుతూ, ఒకేసారి రెండు గీతలు లాగే పద్ధతి ఒకటుంది. మా వైపు కూడా ఏ కొద్దిమందికో వస్తుంది. ఎన్నేళ్ళు వేసినా నాకు రాలేదు. ఆ గీతలు వేరు వంపులన్నిటి మీదా ఎక్కి దిగాయి. వాటి మధ్య ఎడం ఎక్కడా పెరగలేదు, తగ్గలేదు. తీగలా చుట్టు తిరిగి, కొస కుడివైపు దారికేసి ఉంది. వేలితో తాకాను. పొడి పిండి. పైనుంచి ఆకులు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. చుట్టూ మెత్తటి మట్టిలో మా బూట్ల గుర్తులు తప్ప ఇంకేం లేవు.

"మనం వచ్చింది ఎడమవైపు నుంచి" అన్నారు మావారు.

"తెలుసండీ."

"మరి?"

"ఇటే పోదాం."

ఎందుకన్నానో అడిగితే చెప్పలేను. అంత నిబ్బరంగా గీత గీసిన చెయ్యి తప్పుదారి చూపించదనిపించింది, అంతే. ఆయన పాపని ఇంకో భుజానికి మార్చుకుని కుడివైపు తిరిగారు. పాప తండ్రి భుజం మీంచి, రొప్పుతూనే, "దట్ వన్ నైస్, అమ్మా" అంది.

తర్వాతి చీలిక దగ్గరా ఉంది. ఆ తర్వాతా. ఏ రెండూ ఒకేలా లేవు, కానీ చెయ్యి ఒక్కటే. పిల్ల ఊపిరి కోసం పరిగెడుతున్న ఆ స్థితిలో కూడా నేను ప్రతి ముగ్గు దగ్గరా ఒక్క క్షణం ఆగిపోయాను. చివరి మలుపు తిరగ్గానే రోడ్డు, బస్‌స్టాప్, టాక్సీ. మేం లోపలికి వెళ్ళిన చోటు కానే కాదు అది.

క్లినిక్‌లో నెబ్యులైజర్ పెట్టారు. ఇంకా ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టర్ అన్నారు. సాయంత్రానికి పాప లేచి కూర్చుని పులిహోర కావాలని ఏడ్చింది.

తర్వాతి ఆదివారం మావారు ఒక్కరే మళ్ళీ వెళ్ళొచ్చారు. మేం మొదట వచ్చిన ఎడమ దారికి అడ్డంగా పెద్ద చెట్టు కూలి ఉందట. కొమ్మలతో సహా పడి, మనిషి దూరే సందు కూడా లేదట. మధ్యలో రోజూ వాన పడింది కాబట్టి ముగ్గులేం కనబడలేదన్నారు.

ఆయన దగ్గర ఒక జవాబుంది. ఇక్కడ అడవుల్లో పరుగులు తీసే క్లబ్బులున్నాయి, వాళ్ళు దారి గుర్తుకి పిండి చల్లుతారు. నిజమే, ఆ తర్వాత నేనూ చూశాను. గుప్పెడు పిండి తీసి విసిరినట్టు ఉంటుంది. వానకి కారిపోతుంది కూడా.

గుర్తున్నంతవరకు ఒక ముగ్గుని కాగితం మీద గీసి రాజమ్మ ఆంటీకి చూపించాను. నన్ను ఆట పట్టిస్తుందనుకున్నాను. కాగితాన్ని చాలాసేపు అటూ ఇటూ తిప్పింది.

"వేరు మీదనా వేసింది? చదును లేకుండా?"

"అవును ఆంటీ."

"మా అమ్మ బాగా వేసేది మా. ఆమెకి కూడా ఈ చెయ్యి లేదు" అంది. కాగితం మడిచి నా చేతిలో పెట్టింది.

ఆ రోజు నుంచి పొద్దున్నే గుమ్మం ముందు కూర్చుని, మూడువేళ్ళతో రెండు గీతలు లాగడానికి ప్రయత్నిస్తున్నాను. చదునైన సిమెంటు మీద కూడా, జానెడు దూరం పోకుండానే రెండూ కలిసిపోతాయి. అంత వానలో, అంత పొడిగా, ఆ చెట్ల వేళ్ళ మీద వేసింది ఎవరో, మాకోసమే ఎందుకు వేశారో నాకు ఇప్పటికీ తెలియదు. ఏ లెక్కకీ అందదు.

పాప స్కూల్ బ్యాగ్ తగిలించుకుని నా ముగ్గు పక్కన నిలబడి రోజూ చూస్తుంది.

"నాట్ సేమ్ లా, అమ్మా" అంటుంది. ముగ్గు తొక్కకుండా దాటి, లిఫ్ట్ దాకా పరిగెత్తుతుంది. నేను దాని ఊపిరి వింటాను.