అపొండి ఇంటి మగదిక్కు

అపొండి పింఛను ఆఫీసు వరండాలో మొగుడి మరణ పత్రాన్ని అరచేత్తో సాపు చేసుకుంటూ కూర్చోవడం మూడేళ్లుగా అందరూ చూస్తున్నదే. ఆమె మొగుడు, కానిస్టేబులు ఒకుము, పశువుల దొంగల తూటాకు పోయాడు. ఇద్దరు పిల్లల తిండికి ఇక ఆ పింఛనే ఆధారం.

"ఇంట్లో మగదిక్కెవరమ్మా?" అన్నాడు గుమాస్తా ఈసారి.

"మా మరిది ఒగోలా. ఆచారం ప్రకారం నన్ను అతనికి అప్పగించారు. లేకపోతే పొలంలో విత్తనం వెయ్యనివ్వరుగా, నాయనా."

"అంటే మారుమనువే. ఇక పింఛను రాదు."

"మనువేంటయ్యా, నువ్వూ మన లువో తెగవాడివేగా. మరిదికి అప్పగించినా పోయినవాడి పెళ్లాం పోయినవాడి పెళ్లామే. ఇంటికెళ్లి మీ అమ్మనడుగు, నేనెవరి పెళ్లాన్నో చెప్తుంది."

"మా అమ్మ చెప్పేది రాయడానికి ఈ కాగితంలో చోటు లేదమ్మా," అంటూ అతను ఫైలు మూశాడు.

అప్పగింత తంతు జరిగిన ఆ ఒక్క రాత్రి తర్వాత మరిది తన గడప తొక్కలేదని అపొండి చెబుతూనే ఉంది. గుమాస్తా వెనకావిడను పిలిచి అదే ప్రశ్న వేశాడు. ఆవిడ అపొండి వైపు చూడకుండా, "ఎవరూ లేరు బాబూ," అంది.