బాబాయి గేర్లు

సముద్రం ఒడ్డున మా మార్కండి నుంచి ఛత్రపురం బజారుకి చేపలు మోసే మా బాబాయి సైకిల్‌కి గేర్లు లేవు. ఎత్తు రాగానే దిగి తోసేవాడు. "దిగడం కూడా ఓ గేరేరా" అనేవాడు. ఏడో తరగతితో బడి వదిలేసిన నేను, నా ఇరవయ్యొక్క గేర్లు చూపించి నవ్వేవాణ్ణి.

మా పాప పదో తరగతి పరీక్ష రోజున, తనని తీసుకెళ్తుంటే వంతెన ఎక్కకముందే నా సైకిల్ గొలుసు గేర్ల మధ్య ఇరుక్కుంది. పరీక్ష గేటు మూయడానికి పది నిమిషాలే ఉన్నాయి. వెనకే వచ్చిన బాబాయి చేపల బుట్ట నా నెత్తిన పెట్టి, పాపని ఎక్కించుకున్నాడు. ఎత్తు మొదలవగానే అలవాటుగా దిగిపోయాడు.

"తొక్కు బాబాయ్, టైమైపోతంది."

"నువ్వు బుట్ట మీద కాకులు వాలకుండా సూడరా" అని, పాపని దించకుండానే సైకిల్ తోస్తూ పరుగెత్తాడు.

నేను చేరేసరికి గేటు మూసేశారు. బయట బాబాయి ఒక్కడే ఒగరుస్తున్నాడు. పాప లోపలుంది.

ఇప్పుడు ఎత్తొస్తే నేనూ దిగుతున్నాను. నా సైకిల్‌కి ఇరవై రెండు గేర్లు.