కఫీలుకు కప్పిన శాలువా

నన్ను దుబాయ్ పిలిచింది నా నవలలు చదివి కాదు. పాఠకులు అపోహ పడతారని ముందే చెబుతున్నాను. ముప్పై ఏళ్లుగా వారపత్రికల్లో ప్రేమ సీరియళ్లు రాస్తున్న నాకు అక్కడి తెలుగు సంఘం ఒక అంశం ఇచ్చింది. హిట్లర్ కాలంలో యూదు శరణార్థులను తప్పించిన ఒక ఇంగ్లీషు ప్రేమ నవలా రచయిత్రి జీవితం. ప్రేమ నవలలు రాసేవాళ్లలోనూ పనికొచ్చే మనుషులుంటారని సభకు తెలియాలట. సంఘం అధ్యక్షులు మూర్తిగారు ఫోన్‌లో అలాగే అన్నారు. టికెట్టు వాళ్లదే కనుక నాకు కోపం రాలేదు.

శుక్రవారం తెల్లవారుజామున అయిదింటికి దిల్‌సుఖ్‌నగర్‌లో ఎయిర్‌పోర్టు బస్సెక్కాను. విమానం పదింటికి. పక్క సీటులో అబుదాబి దగ్గర ముసఫ్ఫా గ్యారేజీలో పనిచేసే నిజామాబాద్ ఆయన. ప్రసంగం చెయ్యడానికి వెళ్తున్నానంటే కాసేపు ఆలోచించి, "కథ చెప్పనీకి గూడ వీజా ఇస్తున్నరా మేడం?" అన్నాడు. ఎగతాళి కాదు పాపం, నిజంగానే అడిగాడు. నా పులిహోర పొట్లం ఇద్దరం పంచుకున్నాం.

దిగేసరికి అక్కడి గడియారంలో పన్నెండున్నర. గౌరవ అతిథికి కారొస్తుందన్నారు. వచ్చింది వాట్సాప్ సందేశం, మెట్రో చాలా సౌకర్యం అని. ఇరవై అయిదు దిర్హాములకు కార్డు కొని, ఆడవాళ్ల బోగీలో బుర్జుమాన్ దాకా వెళ్లాను. మీరు వెళ్తే గుర్తుంచుకోండి, బోగీలో గుక్కెడు నీళ్లు తాగినా జరిమానాయే. అక్కణ్నుంచి బర్ దుబాయ్ బట్టల కొట్ల మధ్య సూట్‌కేసు ఈడ్చుకుంటూ నడక. ఎండ మాడు పగలగొట్టింది.

నా బస మూర్తిగారింట్లో, ఏడో అంతస్తు. తలుపు తీసింది వంటమనిషి రాజవ్వ. జగిత్యాల వైపు ఊరు, నలభై దాటి ఉంటాయి. అడక్కుండానే చల్లటి మజ్జిగ ఇచ్చింది. సాయంత్రం మూర్తిగారు వచ్చి, ఈవిడ మా ఇంటి మనిషే అని పరిచయం చేశారు. ఎంత ఇంటి మనిషంటే, ఆవిడ పాస్‌పోర్టు కూడా ఆయన భార్య సుధగారి నగలతో పాటు లాకర్లోనే ఉందట. భద్రత కోసమని ఆయనే చెప్పారు.

శనివారం పొద్దున వంటింట్లో నా ప్రసంగం వల్లె వేసుకుంటున్నాను. రాజవ్వ చపాతీలు ఒత్తుతూ వింటోంది. ఒక్కొక్క శరణార్థికీ ఇంగ్లండులో ఎవరో ఒకరు పూచీ ఉండాలి, లేకపోతే వీసా రాదు. ఆ రచయిత్రి తన నవలల డబ్బంతా దీనికే పోసింది, ఇల్లిల్లూ తిరిగి పూచీ ఉండేవాళ్లను వెతికింది. ఇక్కడికి వచ్చేసరికి రాజవ్వ చేతిలో కర్ర ఆగింది.

"పూచీ ఉండుడంటే కఫీలే గద మేడం," అంది. "ఆల్లకు కఫీల్ దొరకక గోస. నాకు దొరికి గోస." గల్ఫులో పనివాళ్ల వీసాకు పూచీ ఉండే యజమానిని కఫీల్ అంటారు, రాజవ్వకు మూర్తిగారే.

ఒప్పందం ముగిసి రెండేళ్లయిందట. కూతురికి కాన్పయి ఏడాది, మనవరాలి ముఖం ఫోన్‌లో చూడటమే. అడిగినప్పుడల్లా సుధగారు పండగ వెళ్లనీ అంటారు, పిల్లల పరీక్షలవనీ అంటారు. పాస్‌పోర్టు మాత్రం లాకరు దాటదు.

నాకు భయం వేసింది. నా సీరియల్లో అయితే పదహారో వారం హీరో కారు దిగేవాడు. ఇక్కడ నేనూ, చపాతీ పిండీ. అతిథిని, నేనేం చెయ్యగలను తల్లీ అన్నాను. ఆవిడ నా కంచంలో ఇంకో చపాతీ వేసింది.

కానీ ఆ ఇంగ్లీషావిడ గుర్తొచ్చింది. శరణార్థులు తమతో తెచ్చుకోకూడని వజ్రాల పిన్ను తన పాత స్వెటరుకు గుచ్చుకుని దర్జాగా సరిహద్దు దాటేది. అధికారులు అది గాజుముక్క అనుకున్నారు, ఆవిణ్ణి పాటకచేరీల కోసం దేశాలు తిరిగే పిచ్చిదనుకున్నారు. వెర్రిబాగుల వేషం నాకేం కష్టం? ముప్పై ఏళ్లుగా విమర్శకులు నన్ను చూస్తున్నది అలాగే.

సభ ఆ సాయంత్రం అయిదింటికి అన్నారు, ఆరుంబావుకి మొదలైంది. జ్యోతి ప్రజ్వలన, స్వాగతం, స్వాగతం చెప్పినవారికి సన్మానం, అధ్యక్షుల గురించి ఉపాధ్యక్షులు, ఉపాధ్యక్షుల గురించి అధ్యక్షులు. ఏడూ యాభైకి నా భుజాన శాలువా కప్పి, అయిదు నిమిషాల్లో ముగించమని చీటీ ఇచ్చారు. కథ మూడు నిమిషాల్లో చెప్పేశాను. తర్వాత గొంతులో తేనె పోసుకుని మూర్తిగారిని వేదిక మధ్యకు పిలిచాను.

"అలాంటి పుణ్యాత్ములు మన మధ్యే ఉన్నారండీ. మూర్తిగారు తమ రాజవ్వ పాస్‌పోర్టు రేపు ఆవిడ చేతికిచ్చి, మనవరాలిని చూసుకోమని ఎల్లుండి నాతో విమానం ఎక్కిస్తున్నారు. ఈ శాలువా నాకు కాదు, ఆయనకు తగును."

కప్పేశాను. చప్పట్లు మోగాయి, ఫోన్లు లేచాయి, ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దాయన లేచి మూర్తిగారి చెయ్యి పట్టుకుని ఊపారు. మూర్తిగారి ముఖాన నవ్వు అతికించినట్టు ఉండిపోయింది. ముందు వరుసలో సుధగారి చప్పట్లు సగంలో ఆగిపోయాయి.

ఆదివారం పొద్దున నా ఇడ్లీలోకి చట్నీ రాలేదు. ఈలోగా సంఘం వాట్సాప్ బృందంలో అభినందనలు ఊపందుకున్నాయి. మధ్యాహ్నానికి ఎవరో పాస్‌పోర్టు ఇస్తున్న ఫొటో ఏదని అడిగారు. నాలుగింటికి లాకరు తెరుచుకుంది. మూర్తిగారు శాలువా కప్పుకుని మరీ పాస్‌పోర్టు ఇచ్చారు. మొదటిసారి ఆయన కళ్లు మూసుకున్నారని రెండోసారి, రాజవ్వ నవ్వలేదని మూడోసారి ఇచ్చారు. మూడుసార్లూ ఆవిడ దాన్ని గట్టిగానే పట్టుకుంది.

సోమవారం మధ్యాహ్నం రెండున్నరకు తిరుగు విమానం, రాజవ్వ టికెట్టు కూడా మూర్తిగారి ఖాతాలోనే. నెలలో వచ్చెయ్యాలని సుధగారు మరీమరీ చెప్పారు. సరే అన్న రాజవ్వ, సీటులో కూర్చోగానే, ఇక రానంది. పాస్‌పోర్టు సంచిలో పెట్టుకోమన్నాను, పెట్టలేదు. దుబాయ్ ఎలా ఉందని అడిగేవాళ్లకు చెప్పేది ఇంతే. మెట్రో బాగుంది, సభలు మన ఊళ్లో లాగే ఉన్నాయి. విమానం లేచినప్పుడు మాత్రం నాకు ఏడుపొచ్చింది, రాసిన ఏ ప్రేమకథకూ అంత రాలేదు.

"ఆ దొరసాని శానమందిని దాటిచ్చెనా మేడం?" అంది రాజవ్వ.

"చాలా కుటుంబాలను."

"మీరు?"

"నిన్నొక్కదాన్నే."

ఆవిడ కిటికీలోంచి సముద్రాన్ని చూసింది.

"మా కింది అంతస్తుల పనిజేసే సునీత ఉన్నది. దాని పాస్‌పోర్టు గూడ ఆల్ల లాకర్లనే. మీకు మల్ల మీటింగు ఎప్పుడు పెడ్తరు?"

మూర్తిగారు నన్ను ఇక జన్మలో పిలవరు. అయినా సునీత ఉండే ఫ్లాటు నంబరు అడిగి రాసుకున్నాను.