బొప్పాయి కాపలా

దీవి నుంచి తిరిగి పడవ ఎక్కేలోపు పాపకి చెప్పేయాలనుకున్నాం. ఒడ్డు నుంచి ఆ దీవి ఎంతో దూరం లేదు. వెనక్కి తిరిగితే దుబాయ్ మేడలు కనిపిస్తూనే ఉన్నాయి. మా పాపకి అప్పుడు నాలుగు నిండి ఐదో ఏడు నడుస్తోంది. లైఫ్ జాకెట్‌లో గడ్డం దాకా మునిగిపోయి నా పక్కన కూర్చుంది. అల తగిలి పడవ ఎగిరినప్పుడల్లా చెయ్యి చాపి నా కడుపుకి అడ్డం పెట్టేది. తమ్ముడికి దెబ్బ తగలకూడదని.

ఆ కడుపులో అప్పటికి తమ్ముడు లేడు. ఐదో నెల దాటాక మామూలు పరీక్షకి వెళితే, స్కానింగ్ చేస్తున్న అమ్మాయి మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయింది. తెరని తనవైపు తిప్పుకుని, డాక్టర్ని పిలుచుకొస్తానని బయటికి వెళ్ళింది. ఆ తర్వాత ఆసుపత్రిలో జరిగినవన్నీ జరిగాయి. కాగితాల మీద సంతకాలు పెట్టి, బిడ్డని తీసుకుని మా ఆయన ఒక్కరే ఎక్కడికో వెళ్ళి వచ్చారు. ఎక్కడికని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

పాపని ఎదురు ఫ్లాట్‌లో, మేం ఖాలా అని పిలిచే పెద్దావిడ దగ్గర వదిలి, అమ్మకి జ్వరమని చెప్పాం. బిడ్డ పోగానే కడుపు లోపలికి పోదని నాకు అప్పుడే తెలిసింది. ఇంటికి వచ్చిన రోజు పాప పరుగెత్తుకొచ్చి నా నైటీ మీద చెవి ఆనించి, చాలాసేపు విని, "తమ్ముడికి కూడా జ్వరం తగ్గిపోయిందంటమ్మా" అని నాకు చెప్పింది. ఆ మాట విన్నాక ఏ రోజుకారోజు రేపు చెబుదాంలే అనుకుంటూ వచ్చాం.

ఈ దీవి ప్రయాణం అంతకుముందే ఖాయమైంది. మా ఆయన అల్ ఖూజ్‌లో ఏసీ సామాన్ల గోడౌన్ చూసుకుంటారు. ఆ రిసార్ట్‌కి ఏసీలు పెట్టింది వాళ్ళ కంపెనీయే. వేసవిలో సెలవు తీసుకోకుండా పని పూర్తి చేయించినందుకు వాళ్ళ ముదీర్, అంటే మేనేజరు, సంతోషించి కుటుంబంతో అక్కడ ఉండి రమ్మని వోచర్ ఇచ్చాడు. తేదీలు మార్చడానికి లేదు. మా ఆయన వెళ్దామనే అన్నారు. "ఇంట్లో చెప్పామనుకో, ఆ గదిలోకెళ్ళినప్పుడల్లా దానికి అదే గుర్తొస్తాది. అక్కడైతే ఇసక, నీళ్ళు. ఏడ్చినా మళ్ళీ ఆటల్లో పడిపోద్ది." పాప కోసం అంటున్నారు కానీ, బర్ దుబాయ్‌లోని మా రెండు గదుల్లో ఆయనకీ ఊపిరాడటం లేదని నాకు తెలుసు. సరే అన్నాను. ఆ దీవిలో చెప్పాలి, చెప్పకుండా తిరిగి పడవ ఎక్కకూడదు. అదీ మా ఇద్దరి ఒప్పందం.

దీవి మనుషులు కట్టినదే. కరీబియన్ దీవిలా ఉంటుందని కరపత్రంలో రాశారు. గులాబీ, పసుపు, నీలం రంగుల చెక్క ఇళ్ళు, ఇనప పీపాల్లాంటి వాటి మీద వాయించే సంగీతం, ఎక్కడి నుంచో తెచ్చి నాటిన కొబ్బరిచెట్లు. మా ఆయన కోనసీమ మనిషి. పడవ దిగి నాలుగు వైపులా చూసి, "మా ఊరికి పెయింటేసినట్టుందే" అన్నారు. ఆసుపత్రి తర్వాత నన్ను నవ్వించడానికి ఆయన చేసిన మొదటి ప్రయత్నం అది. నేను నవ్వాను కూడా. అంతలో పాప నా చేతిలోని చిన్న సంచి లాక్కుని, "అమ్మ బరువులెత్తకూడదు నాన్నా, నీకు తెలీదా?" అని ఆయన్ని మందలించింది. మా ఇద్దరి నవ్వూ అక్కడే ఆగిపోయింది.

నా కడుపుకి పాపని కాపలా పెట్టింది ఖాలా. ఆవిడది నెల్లూరు. వాళ్ళాయన టైలరింగ్ షాపు మా వీధి చివరే. నేను నెల తప్పిన సంగతి తెలిసిన రోజే పాపని దగ్గర కూర్చోబెట్టుకుని, "చూడు బేటీ, మీయమ్మకి చదువెక్కువ, మాట వినదు. బొప్పాయి మాత్రం నోట్లో పెట్టనీయబాక. తిన్నదంటే లోపలుండే బిడ్డ నిలవడు. ఆ డ్యూటీ నీదే" అని చెప్పింది. నేను డిగ్రీ చదివాను. అదంతా నమ్మనని నవ్వాను, కానీ తినడం మానేశాను. మా అమ్మ తినలేదు, మా అమ్మమ్మ తినలేదు. నమ్మకపోయినా భయపడటానికి అడ్డేముంది.

పాప ఆ డ్యూటీని మనసుకి పట్టించుకుంది. సూపర్ మార్కెట్‌లో బొప్పాయి పళ్ళ గుట్ట ముందు రెండు చేతులూ బార్లా చాపి, నేను దాటి వెళ్ళేదాకా నిలబడేది. ఎవరింట్లోనైనా పళ్ళ ముక్కలు పెడితే ముందు తను వాసన చూసేది.

రిసార్ట్‌లో గది తలుపు తీయగానే మంచం మీద పొడవాటి దిండు కనిపించింది. గర్భిణులు ఒక పక్కకి తిరిగి పడుకోవడానికి వాడే వంపు దిండు. దానికి నీలం రిబ్బన్ కట్టి, అభినందనలు రాసిన కార్డు గుచ్చారు. నాకు మెట్లెక్కే ఇబ్బంది లేకుండా కింది గది ఇమ్మని మా ఆయన ఎప్పుడో వాళ్ళకి చెప్పారట. చెప్పిన మాట వెనక్కి తీసుకోవాలని ఆయనకి తోచలేదు. గబగబా దిండు తీసి అలమరలో కుక్కారు. పాప చెప్పులు పెట్టబోయి అలమర తెరిచి, రిబ్బన్ చెదరకుండా దాన్ని ఈడ్చుకొచ్చి మళ్ళీ మంచం మీద నేను పడుకునే వైపు సర్దింది. ఆ రాత్రి నేను ఆ దిండుని కావలించుకునే పడుకున్నాను. ఎడమ పక్కకే తిరిగి.

మర్నాడు పొద్దున్న చెబుదామనుకున్నాం. టిఫిన్ల దగ్గర వడ్డించే ఆవిడ ఫిలిప్పీన్స్ మనిషి, నవ్వు ముఖం. పాప ఆవిడతో నర్సరీ ఇంగ్లీషులో, మా అమ్మ పొట్టలో బేబీ ఉంది, వాడు నా తమ్ముడు, నాతోనే ఆడుకుంటాడు అని పరిచయం చేసేసింది. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి ఎన్నో నెలని అడిగింది. నేను థాంక్యూ అన్నాను. అడిగిన దానికి అది జవాబు కాదని ఆవిడకి అనిపించి ఉంటుంది, కానీ నవ్వుతూనే వెళ్ళిపోయింది.

తర్వాత నీళ్ళలో ఆడుతున్నప్పుడు చెబుదామనుకున్నాం. అక్కడ నీళ్ళలోకి జారే పెద్ద జారుడుబల్ల ఉంది. పాప ఎక్కుతానంటే నేనూ తోడుగా లైన్లో నిలబడ్డాను. పైన బోర్డు మీద బొమ్మలున్నాయి. పాప ఒక్కో బొమ్మా చూస్తూ వచ్చి ఒక దాని దగ్గర ఆగిపోయింది. కడుపుతో ఉన్న ఆడమనిషి, ఆ బొమ్మ మీద ఎర్ర గీత. "అమ్మా, నువ్వు రాకూడదు. వెనక్కెళ్ళు" అంది. లైన్లో అందరూ నా వైపు చూసి దారి ఇచ్చారు. నేను వెనక్కి వచ్చేశాను. ఈత బట్టల లోపల గుండెలకి గట్టిగా గుడ్డ బిగించుకుని ఉన్నాను. తాగేవాడు లేడని పాలకి తెలియదు కదా. పాప తడి ఒంటితో జారి వచ్చి నన్ను వాటేసుకున్నప్పుడు నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన ఒంటి మీది నీళ్ళు పడ్డాయేమోనని నా కళ్ళు తుడిచింది.

సాయంత్రం మా ఆయన నన్ను పక్కకి పిలిచి, "నేను చెప్పనా?" అని అడిగారు. వద్దన్నాను. ఆయన చెబితే నేను పక్కన నిలబడి వినాలి. మళ్ళీ ఎవరో చెబుతుంటే వినే ఓపిక నాకు లేదు.

అలా చివరి పొద్దు వచ్చింది. పడవ మధ్యాహ్నం. మేం టిఫిన్‌కి కూర్చోగానే నిన్నటి ఆవిడ వంటవాళ్ళతో చెప్పి నా కోసం ప్రత్యేకంగా చేయించిన పళ్ళెం తెచ్చింది. సగానికి కోసిన బొప్పాయి, గింజలు తీసిన గుంటలో పెరుగు, దాని మీద ఏవో ఎర్రటి పళ్ళు, కొసన చిన్న నీలం జెండా. అమ్మకీ బేబీకీ మంచిదని నా ముందు పెట్టింది. మంచి మనసుతోనే తెచ్చింది.

పాప లేచి నిలబడి పళ్ళేన్ని రెండు చేతులతో బల్ల అంచుకి తోసేసింది. వద్దు, బొప్పాయి తింటే బేబీ ఉండడు, తీసుకెళ్ళిపో అని ఇంగ్లీషులో ఆవిడ మీద అరిచింది. ఆవిడ ఏం తప్పు చేసిందో తెలియక క్షమించమంటూ పళ్ళెం అందుకోబోయింది. మా ఆయన ముఖం సముద్రం వైపు తిప్పుకున్నారు. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపి, ఉండనివ్వమన్నాను.

"ఇలా కూర్చో తల్లీ. అమ్మ ఇప్పుడు అది తినొచ్చు."

"తినకూడదు. ఖాలా చెప్పింది."

"తినొచ్చు నాన్నా. తమ్ముడు ఇప్పుడు లేడు."

పాప నా కడుపు వైపు చూసింది. "మరి ఇదేంటి?"

"అది ఊరికే అలా ఉంది. తగ్గిపోతుంది. మొన్న నాకు జ్వరమని చెప్పాం కదా, అప్పుడే తమ్ముడు చనిపోయాడు. లోపలే. మన ఇంటికి రాడు."

ఈ మాటలు ఎన్ని రకాలుగానో కూర్చుకున్నాను, దేవుడి దగ్గరికి వెళ్ళాడనీ, చుక్కయ్యాడనీ. చివరికి ఇలా బయటికి వచ్చాయి. ఏడుస్తుందని చేతులు చాపి సిద్ధంగా ఉన్నాను. ఏడవలేదు. పళ్ళెం వైపు చూస్తూ, "నువ్వు బొప్పాయి తిన్నావా?" అని అడిగింది.

"లేదు."

"నేను తిన్నాను."

అర్థం కాలేదు. దగ్గరికి లాక్కుని అడిగితే, నా చెవిలో చెప్పింది. నర్సరీలో ఒక రోజు పళ్ళ ముక్కలు పెట్టారట. తను తినొచ్చనుకుని తినేసిందట. ఇంటికొచ్చి నా కడుపు మీద తమ్ముడికి ముద్దు పెట్టిందట. "మూతి కడుక్కోలేదమ్మా" అంది.

మా ఆయన వచ్చి పాప కుర్చీ పక్కన నేల మీద కూర్చుండిపోయారు. ఈ వెతుకులాట నాకు కొత్త కాదు. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచి నేనూ అదే చేస్తున్నాను. ఎండలో నడిచినందుకా, నిద్రపోయిన పాపని ఎత్తుకుని మెట్రో మెట్లెక్కినందుకా, నీళ్ళ క్యాన్ జరిపినందుకా. ఏ కారణం కనిపించలేదని డాక్టర్ చెప్పినా వదల్లేదు. ఫోన్లో మా అమ్మతో రోజూ ఏదో ఒకటి చేర్చి చెబుతూనే ఉన్నాను. నేను చాటుగా ఇన్నాళ్ళు చేస్తున్న పనే నా కూతురు నా కళ్ళ ముందు చేసింది. పాపకి కారణం వెంటనే దొరికింది కూడా.

"నీ ముద్దు వల్ల కాదు. బొప్పాయి వల్ల కాదు. ఎవరు ఏం తిన్నందుకూ, ఏం చేసినందుకూ కాదు. నువ్వు చేసింది కాదు."

"నువ్వు చేసిందా?"

మా ఆయన తలెత్తి నా వైపు చూశారు. పాప కూడా చూస్తోంది. అక్కడ ఇంకో జవాబు ఇవ్వడానికి వీల్లేదు.

"నేను చేసింది కూడా కాదు" అన్నాను. దాని కోసమే అన్నాను. నమ్మి అన్నానని ఇప్పటికీ చెప్పలేను.

పాప పళ్ళేన్ని మెల్లగా నా ముందుకి జరిపింది. "అయితే తిను."

చెంచా పట్టుకున్నాక తెలిసింది అది ఎంత కష్టమో. పాప కోసమే నటిస్తున్నానని అనుకుంటూ వచ్చాను కానీ, నేనూ ఏదీ వదల్లేదు. ఎడమ పక్కకే పడుకుంటున్నాను. ఐరన్ బిళ్ళలు వేసుకుంటున్నాను. కాఫీ మానేసిన దాన్ని మానేసినట్టే ఉన్నాను. ఒక్కటి తప్పినా వాడు నిజంగా వెళ్ళిపోతాడన్నట్టు. పాప కళ్ళార్పకుండా నా నోటి వైపే చూస్తోంది. ముక్క మెత్తగా, తియ్యగా, కాస్త పచ్చి వాసనతో ఉంది. నమలాల్సిన పని లేదు. మింగడమే మిగిలింది. మింగాను. మా ఆయన పెదవులు బిగించి, ముఖం పాప కుర్చీ వెనక దాచుకున్నారు.

"ఏం కాలేదు కదా?" అంది పాప.

"ఏం కాలేదు."

ఇంకో చెంచా తిన్నాను. తర్వాత ఇంకోటి. జెండా తీసి పాప తన గుప్పిట్లో పెట్టుకుంది. చివరికి తనూ ఒక ముక్క అడిగి తిన్నది. ఆ వడ్డించే ఆవిడ దూరంగా స్తంభం పక్కన నిలబడి ఉంది. భాష తెలియకపోయినా ఆవిడకి ఎంతో కొంత అర్థమై ఉంటుంది. మేం లేచి వచ్చేటప్పుడు పాపకి నిన్నటిలా బిస్కెట్ ఇవ్వకుండా ఊరికే తల నిమిరింది.

గదికి వచ్చి సంచులు సర్దుతుంటే పాప దిండు దగ్గర నిలబడి, దీన్ని ఏం చేస్తారని అడిగింది. వేరే అమ్మకి ఇస్తారని చెప్పాను. అప్పుడు ఏడ్చింది. మా ఆయన ఇసకలోకి ఎత్తుకెళ్ళారు. ఆయన అనుకున్నట్టు ఆటల్లో పడలేదు. ఆయన మెడ పట్టుకుని అలాగే ఉండిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు గాలి ఎక్కువగా ఉంది. పాప మళ్ళీ నా పక్కనే కూర్చుంది. పెద్ద అల ఒకటి తగిలి పడవ ఎగిరింది. దాని చెయ్యి లేచి నా వైపు సగం దూరం వచ్చింది. అక్కడ ఆగింది. తర్వాత వెనక్కి వెళ్ళి తన లైఫ్ జాకెట్ పట్టీని పట్టుకుంది.

ఇప్పుడు అది పెద్ద బడికి వెళుతోంది. నేను ఇది రాస్తుంటే పక్క గదిలో నిద్రపోతోంది. ఖాలా ఆ తర్వాత ఎన్నోసార్లు దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తను చెప్పిందంతా పాతకాలం మాటలని చెప్పి బతిమాలింది. నేనూ చెప్పాను, వాళ్ళ నాన్నా చెప్పారు. అది బుద్ధిగా విని తలూపుతుంది. బడి నుంచి వచ్చి నాకు ముద్దు పెట్టే ముందు మాత్రం ఒక్క క్షణం ఆగి, యూనిఫాం చొక్కా చేతి అంచుతో మూతి తుడుచుకుంటుంది.