శుక్రుడి గురించి చెప్పిన ఆదివారం

పిల్లలకు సైన్సు చెప్పీ చెప్పీ నాకొక జబ్బు పట్టుకుంది. ఎవరు ఏది అడిగినా పాఠం మొదలుపెట్టేస్తాను. పాలాయన "మబ్బేసింది మేడమ్" అంటే చాలు, మబ్బు ఎలా పుడుతుందో చెప్పేదాకా ఆయన్ని కదలనివ్వను. అందుకేనేమో మా ఇంటికి వచ్చేవాళ్ళు తక్కువ. పెళ్ళి చేసుకోలేదు. అమ్మానాన్నలు నా చిన్నప్పుడే పోయారు. నరసరావుపేటలో ఒక మేడ మీద, మూడో అంతస్తులో, ఒంటి గదీ వంటిల్లూ. అక్కడికి వచ్చేది మా అన్న ఒక్కడే. అదీ ఆదివారాలు.

అన్న నాకంటే పదేళ్ళు పెద్ద. నడికుడి వైపు ఒక సున్నపు బట్టీలో పని. రాయీ బొగ్గూ వరసలు వరసలుగా పేర్చి, రోజుల తరబడి కాల్చి సున్నం తీస్తారు. నన్ను బీయిడీ దాకా చదివించింది ఆ కూలి డబ్బులే. వదిన పోయాక తనూ నాలాగే ఒంటరివాడయ్యాడు. ఆదివారం పొద్దున తన ఊళ్ళో చర్చి కాగానే బస్సెక్కి వచ్చేవాడు. నేను వండింది తిని, కాసేపు నడుం వాల్చి, నాలుగింటి బస్సుకు వెళ్ళిపోయేవాడు. పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. అయినా మిగతా ఆరు రోజులూ నేను ఆ ఒక్క పూట కోసమే ఎదురు చూసేదాన్ని. ఈ మాట తనతో ఎన్నడూ అనలేదు.

పోయిన వేసవిలో ఒక ఆదివారం. పై అంతస్తు కదా, శ్లాబు పెనంలా కాలుతోంది. ఫ్యాను వేడిగాలినే తిప్పి తిప్పి కొడుతోంది. అన్న రెండు ముద్దలు తిని ఆగి అడిగాడు.

"ఏమే, ఈ ఎండలేంది, ఏటికేడు ఇట్టా ముదురుతున్నయ్? మనిషికేమన్నా అయితదా వీటి వల్ల?"

ఇంట్లో నన్నెవరైనా ప్రశ్న అడిగి ఎన్నాళ్ళయిందో! నాకు ప్రాణం లేచి వచ్చింది. గరిటె పక్కన పెట్టి శుక్రగ్రహం దగ్గర మొదలుపెట్టాను. శుక్రుడూ భూమీ ఇంచుమించు ఒకే సైజు, ఒకే ఇంట్లో పుట్టిన పిల్లల్లాంటివి అన్నాను. శుక్రుడి మీద బొగ్గుపులుసు వాయువు గాలిలోనే ఉండిపోయింది. అది వేడిని బయటికి పోనివ్వదు, అందుకే అక్కడ సీసం కూడా కరిగిపోతుంది. మన భూమి మీద ఆ వాయువు చాలావరకు సముద్రాల్లో కరిగి, అడుగున సున్నపురాయిగా పేరుకుంది. ఒకప్పుడు ఈ పల్నాడంతా సముద్రమే. మన కాళ్ళ కింద ఉన్న రాయిలో పాతకాలపు గాలి దాక్కుని ఉంది, అది అలా దాక్కోబట్టే మనం బతుకుతున్నాం అని చెప్పాను.

అక్కడితో ఆపినా బాగుండేది. నా నోరు ఊరుకోదుగా.

"నువ్వు బట్టీలో రాయి కాల్చినప్పుడు ఆ గాలే మళ్ళీ బయటికొస్తుందన్నా" అన్నాను, అదేదో శుభవార్త అయినట్టు.

అన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "అయితే ఈ ఎండలు మా బట్టీ వల్లేనా?"

"ఒక్క మీ బట్టీ అని కాదు. కార్లు, కరెంటు, సిమెంటు, అన్నీ కలిపి. బట్టీ వాటా కూడా కొంత ఉంటుంది."

అవతల కూర్చున్నది మా అన్నేనని మర్చిపోయి, జవాబు తప్పు పోకూడదని అలా చెప్పాను. అన్న చెయ్యి కడుక్కుని, పడుకోకుండానే, రెండింటి బస్సుకు వెళ్ళిపోయాడు. మరుసటి ఆదివారం రాలేదు. ఫోన్ చేస్తే "పనుందే" అన్నాడు. ఆ తర్వాతి ఆదివారం కూడా పనే ఉంది.

మొదట నాకు కోపం వచ్చింది. రసాయన శాస్త్రం మీద అలిగిన మనిషిని నేనెక్కడా చూడలేదు. తర్వాత భయం పట్టుకుంది. ఇద్దరికి సరిపడా వండటం మానలేకపోయాను. మిగిలిన కూర సోమవారం బాక్సులో పెట్టుకుని స్కూలుకు తీసుకెళ్ళేదాన్ని. సెలవులిచ్చాక ఆ సోమవారం కూడా లేదు. మాట్లాడక గొంతు బొంగురుపోతోందని గమనించి, ఒకరోజు పాఠం పైకి చదువుకున్నాను, ఖాళీ గదికి. ఉన్న ఒక్క మనిషినీ తెలివితేటలు చూపించుకోవడానికి పోగొట్టుకున్నానని ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

జూన్‌లో స్కూలు తెరిచే ముందు ప్రహరీకి సున్నం వేస్తున్నారు. వేసేటప్పుడు నీళ్ళలా పల్చగా ఉన్నది ఆరేకొద్దీ తెల్లబడి గట్టిపడుతోంది. చూస్తూ చూస్తూ తల పట్టుకున్నాను. సున్నం గోడ మీద గాలిలోని బొగ్గుపులుసు వాయువును మళ్ళీ పీల్చుకుని రాయిగా మారుతుంది. రాయి బట్టీలో వదిలిన గాలిని గోడ మీద మెల్లగా తిరిగి తీసుకుంటుంది. ఏడో తరగతి పిల్లలకు కూడా చెప్పే సంగతి! అన్నకు మాత్రం సగం పాఠమే చెప్పాను. దోషం మిగిలే సగం.

ఫోన్లో చెప్పే సంగతి కాదని అప్పటికప్పుడు బస్సెక్కాను. దారంతా మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను.

అన్న బట్టీ దగ్గర లేడు. కూలీల గదుల ముందు, రేకు నీడలో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి, కుర్చీ చేతులు పట్టుకుని మళ్ళీ కూర్చున్నాడు. నేను మంచినీళ్ళు కూడా తాగకుండా మిగిలిన సగం పాఠం అప్పజెప్పాను. అన్న అంతా విన్నాడు.

"మరి బొగ్గు సంగతేంది? దాని పొగ కూడా గోడలే తాగుతయ్యా?"

నా క్లాసులో ఇంతకాలం ఎవరూ అడగని ప్రశ్న అది. అబద్ధం చెబితే బాగుండు అనిపించింది.

"లేదన్నా. ఆ పొగ తిరిగి రాదు."

అన్న నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగి, చాలాసేపు ఆగలేదు.

"పోన్లే. ఉన్నదున్నట్టు చెప్పావ్."

"అయితే కోపం పోయినట్టేగా? ఆదివారం వస్తావుగా?"

అన్న బట్టీల వైపు చూశాడు. "కోపమేందే నీ మీద? మెట్లెక్కలేకపోతన్నా. మీ మూడో అంతస్తు చానా ఎత్తే. ఆఖరుసారి వచ్చినరోజు మెట్ల సగంలోనే కూర్చుండిపోయా. ఊపిరి అందలా."

వచ్చిన ప్రతిసారీ అన్న గుమ్మం బయటే కాసేపు నిలబడేవాడు. బట్టల మీది సున్నం దులుపుకుంటున్నాడని లోపల్నుంచి అనుకునేదాన్ని. ఆదివారం ఉతికిన బట్టల మీద సున్నం ఎక్కడిది?

"మరి చెప్పొద్దా అన్నా?"

"చెబుదామనేగా అడిగింది. ఈ ఎండల వల్లేమో ఇట్టా అవుతోందని, మనిషికేమన్నా అయితదా అని అడిగా. నువ్వు ఆకాశం గురించి చెప్పావ్." నా ముఖం చూసి అన్నాడు, "బాగా చెప్పావులే. నాకు ఇష్టంగానే ఉండె."

అన్న మాటలో కోపం లేదు. ఉంటే ఏదో ఒకటి అనేదాన్ని. నా జవాబు మొత్తం విని, తన సంగతి అందులో ఎక్కడా లేకపోయేసరికి చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. అప్పటినుంచి ఇక్కడ తనొక్కడూ, అక్కడ నేనొక్కదాన్నీ.

మర్నాడు పొద్దున్నే నరసరావుపేటలో డాక్టరు దగ్గరికి వెళ్దామంటే కాదనలేదు. సాయంత్రం బస్సు రోడ్డు మీద ఆగింది. నేను వెళ్ళలేదు. గదిలోంచి స్టూలు తెచ్చుకుని అన్న పక్కన వేసుకున్నాను.

"ఎప్పట్నుంచి అన్నా? మొదట్నుంచీ చెప్పు" అన్నాను.

అన్న చెప్పడం మొదలుపెట్టాడు. ప్రతి నాలుగు మాటలకూ ఆగాల్సి వచ్చింది. ఆగిన ప్రతిసారీ నా నోట్లో ఏదో ఒక వివరణ సిద్ధంగా ఉంది. ఒక్కటీ బయటికి రానివ్వకుండా, తను మళ్ళీ ఊపిరి తీసుకునేదాకా కూర్చున్నాను.