ఇనుప పళ్ళ గుమ్మడికాయ

గుమ్మడికాయ మీద మొహాలు చెక్కడం నేను దుబాయిలో నేర్చుకున్నాను. తొంభైల నడిమి కాలంలో అక్కడొక పెద్ద హోటల్ వంటశాలలో కూరగాయలు తరిగే పనికి కుదిరాను. అక్టోబర్ నెలాఖరులో తెల్లవాళ్ళు హాలోవీన్ అనే పండుగ చేసుకుంటారు. గుమ్మడికాయలో గుజ్జంతా తీసేసి, పైన దెయ్యాల మొహాలు చెక్కి, లోపల దీపం పెడతారు. మా హోటల్లో ఆ పని ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఒక పెద్దాయనది. నేను కత్తి పట్టే తీరు చూసి ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

ఒక ఏడాది ఎవరో పిల్లవాడి పుట్టినరోజుకి వీడియో గేముల్లోని దుర్మార్గుల మొహాలు కావాలన్నారు. బొమ్మల కాగితాలు ఎదురుగా పెట్టుకుని పది కాయలు చెక్కాం. తొక్క తెగేదాకా కోయకూడదనీ, పైపైన గీరితే మసక వెలుగు, లోతుగా గీరితే నిండు వెలుగు వస్తుందనీ, దవడ ఎముకలు, నుదుటి ముడతలు అలాగే తేలతాయనీ ఆయన చూపించాడు. నా జీవితంలో ఒకరు నాకు అంత ఓపికగా నేర్పిన పని అదొక్కటే.

వీసా అయిపోయి తిరిగొచ్చాక నిజామాబాద్‌లో అక్క, బావల దగ్గర ఉన్నాను. బావ బస్టాండు దగ్గర ఒక గది కిరాయికి తీసుకుని నాలుగు వీడియో గేము మిషన్లు పెట్టాడు. పగలంతా వాటి ముందు కూర్చోవడమే నా పని. మేముండే గల్లీలో చాలావరకు బీడీలు చుట్టేవాళ్ళ ఇళ్ళు. చర్చికి పోయే ఇళ్ళు మాతో కలిపి మూడే.

ఆ అక్టోబర్‌లో మార్కెట్‌లో ఎడపల్లి వైపు నుంచి వచ్చిన గుమ్మడికాయలు చూడగానే నా చేతులు ఊరుకోలేదు. మొదటి కాయ మీద ఒక మిషన్‌లో వచ్చే కొమ్ముల రాక్షసుణ్ణి చెక్కి గల్లా పక్కన పెట్టాను. ఆడుకోవడానికి వచ్చినవాళ్ళు ఆట వదిలి దాని చుట్టూ మూగారు. బావ మురిసిపోయి ఇంకోటి చెయ్యమన్నాడు. అలా వారానికొకటి చెక్కసాగాను.

మా ఎదురింట్లో ఒక ముసలామె ఒక్కతే ఉండేది. భర్త ఎప్పుడో పోయాడు, కూతుర్ని నవీపేటలో ఇచ్చింది. నేను గడప మీద కూర్చుని చెక్కుతుంటే ఆమె తన గడప మీద కూర్చుని బీడీలు చుట్టేది. గుజ్జు కూరకనీ, గింజలు ఎండబెట్టుకోవడానికనీ పట్టుకెళ్ళేది. నేను ఆమెను అవ్వా అని పిలిచేవాణ్ణి.

"గిది ఎవని మొఖం బిడ్డా?" అని ప్రతి కాయకీ అడిగేది.

"ఆటల దుర్మార్గుడు అవ్వా. ఆఖరికి వీన్నే కొట్టాలె."

"కొడ్తె సస్తడా?"

"మల్ల రూపాయి బిళ్ళ ఏస్తే మల్ల లేస్తడు."

ఒళ్ళో బీడీల చాట కదిలేలా ఆమె నవ్వేది.

నాలుగో కాయ మీద పిల్లలు ఇనుప దవడ అని పిలుచుకునే వాణ్ణి చెక్కాను. వాడి దవడంతా ఇనుము. ఎంత గీరినా ఆ ఇనుపతనం రాలేదు. చివరికి దవడ వెంట రెండు వరుసలుగా మేకులు కొట్టాను. లోపల ఎర్ర కొవ్వొత్తి వెలిగించాను. నేను చెక్కిన వాటిలో అంత మంచిది ఇంకోటి లేదు. దుబాయి పెద్దాయన చూసి ఉంటే బాగుండేదని అనుకున్నాను.

పది రోజులకి అది కుళ్ళిపోయింది. వాసన వస్తోందని అక్క సతాయిస్తే పొద్దున్నే దాన్ని బయట పెట్టాను. ఎదురింటవ్వ బీడీల గంప ఎత్తుకుని కార్ఖానాకు బయలుదేరుతోంది.

"ఇటు తే. నేను పొయ్యేటప్పుడు చెత్త కుండీల ఏస్త" అంది.

"వద్దవ్వా, బరువున్నది."

"గింత కాయ మొయ్యలేనా?"

గల్లీ చివర చౌరస్తాలో ఉన్న చెత్త కుండీ ఆ పొద్దున నిండి ఉందట. ఆమె కాయను కుండీ పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

చౌరస్తా మూల ఇంట్లో ఒక ఆటో నడిపే అతను ఉండేవాడు. అతని ఏడాది పాపకు ఆ ఉదయమే జ్వరం ముదిరి ఫిట్స్ వచ్చాయి. పాపను ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకుపోతుంటే వాకిటికి ఎదురుగా, కుండీ పక్కన ఆ కాయ కనబడింది. నల్లబడి, కుంగిపోయి, నోటి నిండా తుప్పు మేకులు, లోపల నెత్తురులా ఎర్రటి మైనం. దాన్ని అక్కడ పెట్టింది ఎవరో చూసినవాళ్ళున్నారు.

మధ్యాహ్నం బావా నేనూ షాపులో ఉంటే అక్క పరుగెత్తుకొచ్చింది. "తమ్మీ, ఎదురింటవ్వ మీద పడ్డరు జనం. బాణామతి చేసి మూలింటి పాపకు ఫిట్స్ తెప్పిచ్చిందంటున్నరు."

"బాణామతా? ఏం జూసి?"

అక్క నా మొహంలోకి చూసింది. "నీ గుమ్మడికాయ."

మేము వెళ్ళేసరికి గల్లీ నిండిపోయి ఉంది. అవ్వను గడప మీంచి లాగి కింద కూర్చోబెట్టారు. కాయ ఆమె ముందు గోనెపట్టా మీద, ఏ మొహమో గుర్తుపట్టలేనంతగా కుళ్ళి ఉంది. పాప తండ్రి అరుస్తున్నాడు.

"చెప్పు! ఎవలు చేపిచ్చిండ్రు?"

"చెత్తల పారేసిన కొడుకా, గంతే. నీ బిడ్డ నాకు మనుమరాలసొంటిది."

"పారేస్తే మొలలెందుకున్నయి? ఎవలు కొట్టిండ్రు గివి?"

ఆమె తలెత్తింది. మనుషుల మధ్య నుంచి నేరుగా నన్ను చూసింది. ఇప్పుడు నన్ను చూపిస్తుంది అనుకున్నాను. చూపిస్తే ఒక అడుగు ముందుకు వేసేవాణ్ణేమో. ఆమె చూపు దించుకుని, "నాకెరుక లేదు" అంది.

బావ నా మణికట్టు పట్టుకున్నాడు. "నోరిప్పకు. షాపు తగలబెడ్తరు" అన్నాడు చెవిలో.

ఆ మాట నేను చాలా ఏళ్ళు సాకుగా వాడుకున్నాను. నిజానికి బావ పట్టుకున్నది నా చేతినే. నోరు నాదే.

ఎవరో ఆమెను చెంప మీద కొట్టారు. ఇంకెవరో చాటను, చుట్టిన బీడీలను, తునికాకును మురికి మోరీలో పడేశారు. పొద్దుగూకేలోపు గల్లీ విడిచి పొమ్మన్నారు. సాయంత్రం ఆమె బట్టల మూట పట్టుకుని బస్టాండు వైపు నడిచిపోతుంటే కిటికీ సందులోంచి చూశాను. తలుపు తీయలేదు.

మర్నాడు పొద్దున నల్లా దగ్గర నీళ్ళు పట్టుకుంటుంటే ఆడవాళ్ళ మాటలు వినిపించాయి. "నవీపేటల గూడ చెప్పి రావాలెనట. ఆడి జనం పైలంగుండాలె గదా." అప్పటిదాకా, ఆమె వెళ్ళిపోయింది కాబట్టి గండం గడిచిందనే అనుకుంటున్నాను. బాణామతి అనే ఆ పేరు ఆమె వెంట కూతురి ఇంటిదాకా పోతుందని అప్పుడు అర్థమైంది. బిందె అక్కడే వదిలేసి మార్కెట్‌కు వెళ్ళి గుమ్మడికాయ కొన్నాను.

కాయ, కత్తులు, మేకులు తీసుకుని చౌరస్తాకు పోయాను. పాప తండ్రి అప్పుడే దవాఖాన నుంచి వచ్చాడు. రాత్రంతా నిద్ర లేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అన్నా, గా కాయ నేను చేసిన. అవ్వకేం తెల్వది. చెత్తల ఏస్తనని పట్టుకపోయింది" అన్నాను.

అతను నా కాలర్ పట్టుకున్నాడు.

"కొట్టు. గాని ముందు చేసి సూపిస్త. సూసినంక కొట్టు."

అతని ఇంటి అరుగు మీద కూర్చుని మొదలుపెట్టాను. జనం పోగయ్యారు. ఒకసారి కత్తి జారి వేలు తెగింది. గుజ్జు తీసి, కళ్ళు తవ్వి, బుగ్గలు గీరేసరికి ఎండ నెత్తికెక్కింది. దవడకు మేకులు కొట్టడం మొదలుపెట్టగానే ముందు వరుసలో ఉన్న పిల్లలు ఒక్కసారి కేక వేశారు. "ఇనుప దవడ! మిషన్ల ఇనుప దవడ!"

"ఆట బొమ్మనా?" అన్నారెవరో. ఒకరు నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. నిన్న చాటను మోరీలో పడేసినవాళ్ళు కూడా నవ్వుతూనే ఇళ్ళకు పోయారు. నన్నెవరూ కొట్టలేదు. కొట్టి ఉంటే కొంచెం తేలికయ్యేదేమో.

పాప తండ్రి మాత్రం నవ్వలేదు. ఆ కాయను తిప్పి చూసి, "మరి ముసలామె నీ పేరు ఎందుకు చెప్పలే?" అని అడిగాడు.

"నవీపేట పోదాం అన్నా" అన్నాను.

మధ్యాహ్నం అతని ఆటోలోనే ఇద్దరం నవీపేట పోయాం. కూతురి ఇంటి ముందు అవ్వ ఎవరిదో చాట ఒళ్ళో పెట్టుకుని ఆకు కత్తిరిస్తోంది. చెంప ఇంకా వాచి ఉంది. మమ్మల్ని చూసి కూతురు తలుపుకు అడ్డంగా నిలబడింది. అవ్వ మాత్రం ముందుగా, "పోరికి ఎట్లున్నది?" అని అడిగింది.

"జరం దిగింది అవ్వా. నయమైతదన్నడు డాక్టర్" అంటూ అతను ఆమె కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాడు. తప్పయింది, ఇంటికి రమ్మన్నాడు. ఆమె అతని తల మీద చెయ్యి పెట్టింది. వస్తానని మాత్రం అనలేదు.

అతను ఆటో తిప్పడానికి పోయినప్పుడు మేమిద్దరమే మిగిలాం.

"నా పేరెందుకు చెప్పలే అవ్వా?" అన్నాను.

ఆమె కత్తెర ఆపలేదు. "నువ్వు చెప్తవేమో అని సూసిన బిడ్డా" అంది.

కూతురితో నాకు మంచినీళ్ళు ఇప్పించింది. తాగాను.

ఆమె తిరిగి ఆ గల్లీకి రాలేదు. పాప తండ్రి ఇంకో రెండుసార్లు పోయి పిలిచాడని విన్నాను. గేముల షాపు మరో ఏడాదికి మూతపడింది. నేను ఒక హోటల్లో వంట పనికి చేరి, పెళ్ళిళ్ళకు క్యారెట్‌తో పూలు, కీరదోసతో ఆకులు చెక్కాను. మొహాలు మాత్రం మళ్ళీ చెక్కలేదు.

నవీపేటకు అప్పుడప్పుడు పోయేవాణ్ణి. ఆమె రావద్దనేది కాదు, రమ్మనేది కాదు. ఒకసారి నన్ను చూడగానే లోపలికి పోయి ఒక కాగితం తెచ్చింది. బీడీ కార్మికుల గుర్తింపు కార్డు నిజామాబాద్ నుంచి నవీపేటకు మార్చుకోవడానికి దరఖాస్తు.

"జర రాసియ్యి. ఈడ సదువొచ్చినోళ్ళు ఎవ్వలు లేరు" అంది.

పేరు, వయసు, భర్త పేరు అడిగి రాశాను. చివర్లో ఊరు మారడానికి కారణం అని ఒక గీత ఉంది. అక్కడ నా పెన్ను ఆగింది. ఆమె నా చేతి వంకే చూస్తోంది.

"ఏం రాయాలె అవ్వా?"

"బిడ్డ కాడ ఉంటానికి అని రాయి."

అలాగే రాశాను. ఆమె వేలిముద్ర వేసి, ఆరేదాకా కాగితాన్ని గాలికి పట్టుకుంది.